చతురస్రాన్ని మధ్య నుంచి అయిదు సమాన ముక్కలుగా కోయడం ఎలా?

తెల్లకాగితం:
అందరికీ నమస్కారం. నా దగ్గర 20 సెం.మీ. భుజం ఉన్న చతురస్రపు అట్ట ఉంది. దాన్ని అయిదు సమాన ముక్కలు చేయాలి. షరతు ఒక్కటే, అయిదు ముక్కల మొనలూ మధ్యలో కలవాలి. ఒక్కో ముక్కకు ఒక్కో రంగు కాగితం అతికిస్తాను. 360ని 5తో భాగిస్తే 72 కదా అని కోణమాపిని పెట్టి కేంద్రం నుంచి 72 డిగ్రీల చొప్పున గీసి కోసేశాను. తీరా చూస్తే ఒకటి చిన్నగా, రెండు పెద్దగా కనిపిస్తున్నాయి. కోణాలు మూడుసార్లు కొలిచాను, తేడా లేదు. తప్పెక్కడ?

నిలువుగీత:
4 సెం.మీ. వెడల్పున అయిదు పట్టీలు కోసేయండి. అయిపోయింది, ఇక పడుకోండి.

తెల్లకాగితం:
మొనలు మధ్యలో కలవాలి అన్నాను కదండీ :)

నిలువుగీత:
అంతవరకు చదవలేదు. సారీ.

గళ్లపుస్తకం:
మీ కోణాలు తప్పు కాదు, కోణాలు సమానమైతే ముక్కలూ సమానమవుతాయి అనుకోవడం దగ్గర తప్పు జరిగింది. వృత్తంలో అది నిజం, ఎందుకంటే కేంద్రం నుంచి అంచు ఎటు చూసినా ఒకే దూరం. చతురస్రంలో భుజం మధ్యకు 10 సెం.మీ. ఉంటే మూలకు 14.14 ఉంటుంది. మూల పడిన ముక్క లాభపడుతుంది.

మీరు గీసింది పై భుజం మధ్యకు అటూ ఇటూ 36 డిగ్రీలతో మొదలైంది అనుకుని లెక్కవేశాను. ఆ పై ముక్క 72.7 చదరపు సెం.మీ., దాని పక్క రెండూ 79.9 చొప్పున, కింది రెండూ 83.8 చొప్పున. ఒక్కొక్కటి రావాల్సింది 80. అంటే పెద్దదానికీ చిన్నదానికీ 11 పైచిలుకు తేడా. కంటికి కనబడటంలో ఆశ్చర్యం లేదు.

లెక్కలమాస్టారు:
గళ్లపుస్తకం గారు జబ్బు సరిగ్గా పట్టారు, మందు నేను చెబుతాను. కోణాన్ని వదిలేయండి, చుట్టుకొలతను పంచండి.

చుట్టుకొలత 80 సెం.మీ. అయిదుతో భాగిస్తే 16. ఎడమ పై మూల నుంచి గడియారం తిరిగే దిశలో అంచు వెంట ప్రతి 16 సెం.మీ.కీ ఒక గుర్తు పెట్టండి. మూల వస్తే ఆగకండి, మలుపు తిరిగి కొలుస్తూ పోండి. గుర్తులన్నిటినీ కేంద్రంతో కలపండి. మొదటి ముక్క పై భుజం మీద 16. రెండోది పైన మిగిలిన 4, కుడి భుజం మీద 12. మూడోది కుడివైపు 8, కింద 8. నాలుగోది కింద 12, ఎడమవైపు 4. అయిదోది ఎడమవైపు మిగిలిన 16.

ఎందుకు సమానం? కేంద్రం నుంచి నాలుగు భుజాలకూ లంబదూరం ఒకటే, 10. కాబట్టి ఏ ముక్క వైశాల్యమైనా సగం × 16 × 10, అంటే 80. మూల దగ్గర విరిగిన ముక్కను రెండు త్రిభుజాలుగా చూడండి. రెండింటి ఎత్తూ 10, భూములు కలిపితే 16. మొదటి గుర్తు మూలలోనే ఉండాలని కూడా లేదు, ఎక్కడ మొదలుపెట్టినా ఇదే వస్తుంది. అయిదే కాదు, ఏడైనా పదమూడైనా ఇంతే.

తెల్లకాగితం:
మాస్టారూ, కొత్త అట్ట తీసుకుని గీశాను. ఇంత సింపుల్ అనుకోలేదు! కానీ ఒక సందేహం. ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పెడితే కుదరడం లేదు. రెండు త్రిభుజాలు, మూడు చతుర్భుజాలు వచ్చాయి. వీటిని సమానం అనొచ్చా?

కత్తెర:
అనకూడదు. నా దృష్టిలో సమానం అంటే ఒకదాని మీద ఇంకొకటి అచ్చుగుద్దినట్టు కూర్చోవాలి.

గళ్లపుస్తకం:
దాన్ని సర్వసమానం అంటారు కత్తెర గారూ. మామూలుగా సమాన భాగాలు అంటే వైశాల్యమే.

కత్తెర:
పుస్తకంలో అంటారేమో. కోసేవాడి చేతిలో మాత్రం ఆకారం కూడా లెక్కే. రంగు కాగితాలు కోసేటప్పుడు ఒక అచ్చు చాలు అనుకున్న మనిషికి ఇప్పుడు మూడు రకాల అచ్చులు కావాలి.

లెక్కలమాస్టారు:
ఇద్దరూ కరెక్టే. ప్రశ్నలో ఏ సమానమో చెప్పాలి. పరీక్ష పేపర్లలో కూడా దీన్ని వదిలేసి పిల్లల్ని టెన్షన్ పెడుతుంటారు.

సగంచంద్రుడు:
ఈ పద్ధతి త్రిభుజానికీ పనిచేస్తుందా? మధ్యగత రేఖలు కలిసే గురుత్వ కేంద్రం నుంచి చేస్తే సరిపోతుంది కదా. ఎలాగూ దాని గుండా ఏ గీత గీసినా త్రిభుజం సగం సగం అవుతుంది.

లెక్కలమాస్టారు:
పద్ధతి పనిచేస్తుంది, కానీ కేంద్రం మార్చాలి. మూడు భుజాలకూ సమదూరంలో ఉండేది అంతరవృత్త కేంద్రం, అది కావాలి. ఉదాహరణకు 13, 14, 15 సెం.మీ. భుజాల త్రిభుజం. వైశాల్యం 84, చుట్టుకొలత 42, అంతరవృత్త వ్యాసార్థం 4. దీన్ని ఏడు భాగాలు చేయాలంటే అంచు మీద 6 సెం.మీ. చొప్పున నడవండి. ఒక్కోటి సగం × 6 × 4 = 12. ఏడు పన్నెండ్లు 84. అంతరవృత్తం ఇమిడే ఏ బహుభుజికైనా ఇదే దారి.

మీ రెండో మాట మాత్రం తప్పు. గురుత్వ కేంద్రం గుండా పోయే ప్రతి గీతా త్రిభుజాన్ని సగం చేయదు. మధ్యగత రేఖలు మూడే చేస్తాయి.

సగంచంద్రుడు:
అదెలా మాస్టారూ? అట్ట త్రిభుజాన్ని ఆ బిందువు దగ్గర పెన్సిల్ మొన మీద పెడితే పడిపోకుండా నిలుస్తుంది. ఆ గీత కింద స్కేలు అంచు పెట్టినా నిలుస్తుంది. నిలిచిందంటే అటూ ఇటూ బరువు సమానమనే కదా? బరువు సమానమైతే వైశాల్యమూ సమానమే.

గళ్లపుస్తకం:
నేనూ చాలా ఏళ్లు ఇలాగే అనుకున్నాను. ఒకరోజు కోసి చూశాక గానీ నమ్మకం కుదరలేదు.

భూమి 18, ఎత్తు 12 ఉన్న త్రిభుజం తీసుకోండి. వైశాల్యం 108. గురుత్వ కేంద్రం భూమి నుంచి మూడో వంతు ఎత్తులో, అంటే 4 దగ్గర ఉంటుంది. దాని గుండా భూమికి సమాంతరంగా కోయండి. పైన మిగిలే చిన్న త్రిభుజం ఎత్తు 8, భూమి 12. వైశాల్యం 48. కింది ముక్క 60. సగం 54 ఎక్కడ, ఇవెక్కడ! నిష్పత్తి 4:5. గురుత్వ కేంద్రం గుండా పోయే గీతల్లో ఇంతకన్నా ఎక్కువ తేడా ఏదీ ఇవ్వదు.

మరి స్కేలు మీద ఎలా నిలిచింది? ఊగుడు బల్ల గుర్తు తెచ్చుకోండి. సన్నగా ఉన్నవాడు చివర కూర్చుంటాడు, బరువైనవాడు మధ్యకు జరిగి కూర్చుంటాడు, బల్ల నిలుస్తుంది. అక్కడ సమానమయ్యేది బరువు కాదు, బరువును దూరంతో గుణిస్తే వచ్చేది. పై ముక్క 48, దాని మధ్య కోతగీతకు 2.67 దూరంలో ఉంది. కింది ముక్క 60, దానిది 2.13 దూరం. గుణిస్తే రెండూ 128.

సగంచంద్రుడు:
ఓహ్! ఇన్నాళ్లూ తప్పుగా మోస్తున్నానన్నమాట. భూమికి సమాంతరంగానే కోసి సగం చేయాలంటే మరి ఎక్కడ కోయాలి?

గళ్లపుస్తకం:
శీర్షం నుంచి ఎత్తును 0.7071తో గుణించండి, అంటే సగం యొక్క వర్గమూలంతో. 12కి 8.49 దగ్గర. మూడు సమాన భాగాలకు 6.93 దగ్గరా 9.80 దగ్గరా. ఎత్తు రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు అవుతుంది కాబట్టి ఎత్తును తిన్నగా పంచితే కుదరదు, వర్గమూలాల్లో పంచాలి. వృత్తాన్ని ఒకే కేంద్రం ఉన్న వలయాలుగా కోసేటప్పుడూ అదే సూత్రం. 10 సెం.మీ. వ్యాసార్థం ఉన్న బిళ్లను నాలుగు సమాన వలయాలు చేయాలంటే 5, 7.07, 8.66 దగ్గర వృత్తాలు గీయాలి. చివరి వలయం చూడటానికి దారంలా ఉంటుంది, వైశాల్యం మాత్రం మధ్య బిళ్లతో సమానం.

వంకరటింకర:
నాదొక ప్రశ్న. త్రిభుజం భుజం మీద ఒక బిందువు ఇచ్చారు, అది మధ్యబిందువు కాదు. కోత అక్కడి నుంచే మొదలవ్వాలి, త్రిభుజం సగం కావాలి. కొలతలేవీ ఇవ్వలేదు. ఎలా?

లెక్కలమాస్టారు:
ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. ఆకారాలను పంచడం మీదే యూక్లిడ్ విడిగా ఒక పుస్తకం రాశాడు. గ్రీకు ప్రతి పోయింది, అరబిక్ ద్వారా కొంత మిగిలింది. అందులో ఉండేవి ఈ తరహా లెక్కలే.

త్రిభుజం కఖగ. ఖగ భుజం మీద ప మీ బిందువు, అది ఖ వైపు దగ్గరగా ఉందనుకోండి. ఖగ మధ్యబిందువు మ గుర్తించండి. క నుంచి ప కు తేలిగ్గా ఒక గీత గీయండి, ఇది చెరిపేసేదే. ఇప్పుడు మ గుండా ఆ గీతకు సమాంతరంగా గీస్తే కగ భుజాన్ని ఒకచోట తాకుతుంది, దాన్ని చ అందాం. పచ మీద కోయండి. అంతే.

కారణం: కమ మధ్యగత రేఖ కాబట్టి కమగ సగం. అందులోంచి కచమ అనే త్రిభుజం తీసేసి దాని బదులు పచమ చేర్చాం. రెండింటికీ చమ భూమి, క, ప రెండూ దానికి సమాంతర రేఖ మీద ఉన్నాయి, కనుక ఎత్తు ఒకటే. ఇచ్చిందెంతో పుచ్చుకున్నదీ అంతే.

వంకరటింకర:
గీసి చూశాను. ఒక్క కొలత కూడా లేకుండా వచ్చేసింది మాస్టారూ, థాంక్యూ.

దారపుఉండ:
వృత్తం గురించి ఎవరూ అడగలేదే! వృత్తలేఖినితో ఏడు సమాన భాగాలు చేయాలని కూర్చున్నాను, ఎంతకీ రావడం లేదు. ఆరు చిటికెలో వస్తుంది, అయిదు కాస్త కష్టపడితే వస్తుంది, ఏడు దగ్గర ఆగిపోయాను.

లెక్కలమాస్టారు:
రాదమ్మా. గుర్తుల్లేని స్కేలు, వృత్తలేఖినితో ఏడు అసాధ్యం. తొమ్మిది కూడా. విచిత్రం ఏమిటంటే పదిహేడు సాధ్యం, అది 1796లో గాస్ కనిపెట్టాడు, అప్పటికి ఆయనకు ఇంకా పందొమ్మిదేళ్లు నిండలేదు. ఏవి కుదరవో రుజువు చేసింది 1837లో వాంట్జెల్.

కానీ పనికొచ్చే ఉపాయం ఒకటుంది. వృత్తంలో ఇమిడే సమబాహు త్రిభుజం భుజంలో సగం తీసుకుని వృత్తం మీద ఏడుసార్లు నడవండి.

దారపుఉండ:
చేశాను. 10 సెం.మీ. వ్యాసార్థం. వృత్తలేఖినిని 8.66కి తెరిచి నడిస్తే ఏడో అడుగు మొదటి గుర్తుకు ఒక మిల్లీమీటరు పైన దూరంలో ఆగింది. నా చెయ్యి వణికిందా?

గళ్లపుస్తకం:
లేదు, మీ చెయ్యి బంగారం. రావాల్సిన తేడా 1.35 మి.మీ. సరైన అడుగు 8.68. ఒక్కో అడుగుకూ అర డిగ్రీలో అయిదో వంతు తప్పు చొప్పున ఏడు అడుగులకు పోగయింది. వృత్తలేఖినిని వెంట్రుకవాసి తెరిచి మళ్లీ నడవండి, పని జరిగిపోతుంది.

కత్తెర:
వృత్తం వచ్చింది కాబట్టి ఒక పజిల్. వృత్తాన్ని సర్వసమానమైన ముక్కలుగా కోయాలి, కానీ కొన్ని ముక్కలు కేంద్రాన్ని అసలు తాకకూడదు. వైశాల్యం సమానం అంటే ఒప్పుకోను, అచ్చుగుద్దినట్టు ఉండాలి. ఒకదాన్ని తిరగేసి పెట్టినా పర్లేదు.

సగంచంద్రుడు:
వలయాలు కోసి, వాటిని మళ్లీ ముక్కలు చేస్తే?

కత్తెర:
లోపలి ముక్కలు సమోసా ఆకారం, బయటివి గాజుముక్కల ఆకారం. కుదరదు. ఇంకా ఆలోచించండి.

నిలువుగీత:
నా ప్రశ్న మధ్యలో దూర్చేస్తున్నా. చతురస్రాన్ని సమాన వైశాల్యం ఉన్న త్రిభుజాలుగా కోయాలి, సంఖ్య అయిదు. నాలుగు వస్తాయి, ఆరు వస్తాయి, ఎనిమిది వస్తాయి. అయిదు మాత్రం వారం నుంచి రావడం లేదు. ఎక్కడో చిన్న కిటుకు మిస్సవుతున్నాను.

గళ్లపుస్తకం:
కిటుకేమీ లేదు, వారం వృథా కాకముందే అడగాల్సింది. అయిదే కాదు, ఏ బేసి సంఖ్యలోనూ కుదరదు. 1970లో పాల్ మాన్‌స్కీ రుజువు చేశాడు. ప్రశ్న చూస్తే స్కూలు పిల్లలది, రుజువు మాత్రం అంత తేలిక కాదు. చతురస్రం భుజం 1 అనుకుని, ప్రతి బిందువు నిరూపకాల్లో 2 ఎన్నిసార్లు ఉందో చూసి బిందువులకు మూడు రంగులు వేస్తాడు. ఎలా కోసినా మూడు శీర్షాలకూ మూడు రంగులు పడ్డ త్రిభుజం ఒకటైనా తప్పక వస్తుంది. అలాంటి త్రిభుజం వైశాల్యం 1/5 లాగా హారంలో బేసి సంఖ్య ఉన్న భిన్నం కాలేదు. జ్యామితి లెక్కను సరి, బేసి సంఖ్యలు ఆపేశాయి. నేను మొదటిసారి చదివినప్పుడు ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టింది.

నిలువుగీత:
కాస్త అటూ ఇటూగా అయితే?

గళ్లపుస్తకం:
అప్పుడు ముక్కల సంఖ్య పెంచుకుంటూ పోతే తేడాను ఎంత తక్కువ కావాలంటే అంత తక్కువ చేయొచ్చు. సున్నా మాత్రం కాదు.

తెల్లకాగితం:
నేను అడిగింది ఎక్కడో మొదలై ఎక్కడికో పోయింది, బాగుంది :) ఇంకొకటి గమనించాను. మాస్టారి పద్ధతిలో ముక్కల అంచుకు రంగు టేపు చుడుతుంటే ఒక్కోదానికి ఒక్కో పొడవు పడుతోంది. వైశాల్యం సమానమైతే చుట్టుకొలత కూడా సమానం కావద్దా?

గళ్లపుస్తకం:
కావాల్సిన పని లేదు. బయటి అంచు అందరికీ 16, కానీ లోపలి కోతలు వేరు. మూలకు పోయే కోత 14.14, తర్వాతివి 11.66, 10.20, 10.20, 11.66. కలిపితే మొదటి, అయిదో ముక్కలకు 41.80, రెండు, నాలుగుకు 37.86, మూడోదానికి 36.40.

మీరు తెలియకుండానే పెద్ద ప్రశ్న అడిగారు. ఏ కుంభాకార (అంటే ఎక్కడా లోపలికి నొక్కు లేని) బహుభుజినైనా, ఎన్ని కుంభాకార ముక్కలుగానైనా, వైశాల్యమూ చుట్టుకొలతా రెండూ సమానంగా ఉండేలా కోయగలమా అని ఆర్. నందకుమార్, ఎన్. రమణారావు 2006లో అడిగారు. రెండు ముక్కలకు సులువు. మూడుకే చాలా శ్రమ పడ్డారు. తర్వాత 4, 5, 7, 8, 9 లాంటి ప్రధాన సంఖ్యల ఘాతాలకు అవుననే తేలింది. ఆరుకి, మిగతా అన్నిటికీ కూడా కుదురుతుందని 2018లో ఒక రుజువు వచ్చింది. అయితే ఇవన్నీ కోత ఉందని చెబుతాయి, ఎక్కడ కోయాలో చూపించవు.

కత్తెర:
ఆకారం కూడా ఒకటే కావాలంటే? చతురస్రం, అయిదు ముక్కలు.

గళ్లపుస్తకం:
ముక్కలు లోపలికి నొక్కుకుపోకుండా కుంభాకారంగా ఉండాలి అనుకుంటే ఒకే ఒక్క దారి ఉంది. ఆ సంగతి లుడ్విగ్ డాంట్సర్ ఎప్పుడో ఊహించాడు, 2016లో రుజువైంది. ఆ దారి ఏమిటంటే... అయిదు సమాన పట్టీలు.

నిలువుగీత:
నా మొదటి పోస్టు మళ్లీ చదవండి అందరూ. తీరిగ్గా.

లెక్కలమాస్టారు:
ఒప్పుకున్నాం బాబూ.

వంకరటింకర:
పట్టీలంటే గుర్తొచ్చింది. నా అట్ట వెడల్పు 17 సెం.మీ. అయిదు పట్టీలంటే 3.4 చొప్పున గుర్తులు పెట్టాలి, ప్రతిసారీ ఎక్కడో జారిపోతున్నాను.

దారపుఉండ:
భాగించకండి. స్కేలును ఏటవాలుగా పెట్టండి. సున్నా ఒక అంచు మీద, 20 ఎదుటి అంచు మీద పడేదాకా వంచండి. 4, 8, 12, 16 దగ్గర చుక్కలు పెట్టండి. స్కేలు కాస్త కిందికి జరిపి మళ్లీ అలాగే పెట్టి చుక్కలు, ఇక చుక్కలు కలపడమే. నేను ప్రతి గీతకూ ఇదే వాడతాను.

సగంచంద్రుడు:
కత్తెర గారూ, మీ వృత్తం మీద ఓడిపోయాను. జవాబు చెప్పండి.

కత్తెర:
వృత్తలేఖిని తెరుపు మార్చకూడదు, అదే కిటుకు. వృత్తం మీద వ్యాసార్థంతో నడిచి ఆరు గుర్తులు పెట్టండి. ఒక్కో గుర్తు మీద ముల్లు గుచ్చి, కేంద్రం నుంచి కుడిపక్క గుర్తుదాకా చాపం గీయండి. ఆరూ ఒకే వైపు తిరగాలి. తిరిగే పంకా రెక్కల్లాంటి ఆరు ముక్కలు వస్తాయి. ఒక్కో దానికి మూడు చాపాలు, అన్నీ ఒకే పొడవు, రెండు బయటికి ఉబ్బి, ఒకటి లోపలికి నొక్కుకుని.

ఇప్పుడు ఉబ్బిన రెండు చాపాలు కలిసే మొన నుంచి, నొక్కుకున్న చాపం మధ్యకు తిన్నగా కోయండి. ప్రతి రెక్కా రెండు ముక్కలు, మొత్తం పన్నెండు. అందులో ఆరే కేంద్రాన్ని తాకుతాయి. మిగతా ఆరు అంచు దగ్గరే ఉండిపోతాయి. పన్నెండూ ఒకే అచ్చు, సగం తిరగేసి పెట్టాలి.

సగంచంద్రుడు:
కోశాను. పన్నెండూ దొంతరగా పెడితే ఒకే ముక్కలా ఉన్నాయి! కాకపోతే ఇప్పుడు వాటిని తిరిగి వృత్తంగా పేర్చడం రావడం లేదు.

కత్తెర:
కోసే ముందు నంబర్లు వేసుకోవాలండీ.

తెల్లకాగితం:
నా బోర్డు పూర్తయింది. మాస్టారి పద్ధతే వాడాను, మూడు రకాల అచ్చులు చేసుకున్నాను. మూడో ముక్క దగ్గర కత్తి జారి రెండు మిల్లీమీటర్లు పోయింది, దాని మీద ముదురు రంగు వేశాను, తెలియడం లేదు. అందరికీ థాంక్స్.